నెట్‌ను సాగదీసే పెట్టె

జనగామ,
20 జూన్ 2025, శుక్రవారం

గౌరవనీయ ఫిర్యాదుదారు, నా ఒక్కగానొక్క అక్క భాగ్య గారి సముఖానికి,

నిన్న మధ్యాహ్నం నువ్వు మీ తండా నుంచి మూడు కిలోమీటర్లు నడిచి, సిగ్నల్ దొరికే కల్వర్టు మీద నిలబడి చేసిన ఫోన్ నాకు అందింది. అందులో నాకు వినబడినవి: కొంత ఏడుపు, ఒక లారీ, "పెట్టె" అనే మాట ఆరుసార్లు, చివరగా "నీకేం తెల్వదు, పోరా". ఏడుపు మీద తక్షణ చర్య తీసుకుంటున్నాను. చివరి మాట మీద విచారణ జరుగుతోంది.

ఇకమీద ఈ వ్యవహారం కాగితం మీదే నడుస్తుంది. మీ ఇంట్లో ఫోన్‌కు సిగ్నల్ రాదు. వైఫై ఉంటేనే మెసేజ్ వస్తుంది, అదేమో వస్తూ పోతూ ఉంటుంది. ఆ వైఫైని బాగుచేసే ఉపాయం ఆ వైఫైలోనే పంపితే నీకు ఎట్లా చేరుతుంది? కల్వర్టు మీద చెబితే ఇంటికి వచ్చేలోపు మరిచిపోతావు. కాగితమైతే గోడకు అంటించుకోవచ్చు. పైగా నేను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇక్కడి ఇంటర్నెట్ ఆఫీసులో ఫోన్ ఎత్తి తిట్లు తినే ఉద్యోగంలో ఉన్నాను. నా రోజువారీ తిట్ల కోటా ఎప్పుడో నిండిపోయింది.

మా ఆఫీసు పద్ధతిలో ముందు ఫిర్యాదు నమోదు చేస్తున్నాను. అన్నీ నీకు తెలిసినవే, కానీ ఫారంలో గడి ఖాళీగా ఉంటే మా సోమనర్సయ్య సార్‌కు బీపీ వస్తుంది. బాధితురాలు: నా మేనకోడలు ప్రియ, నాలుగేళ్లు. పుట్టుకతో వినబడదు. పోయినేడు ఆపరేషన్ చేయించి చెవి వెనక మిషన్ పెట్టించారు. ఇప్పుడు వినబడుతోంది, కానీ మాట రావాలి. హనుమకొండ నుంచి శైలజ మేడం ప్రతి గురువారం పదకొండింటికి వీడియోలో మాటలు నేర్పుతుంది. నలభై నిమిషాల క్లాసు మీ ఇంట్లో అయిదు నిమిషాలకే గుండ్రంగా తిరుగుతూ ఆగిపోతోంది. జూలై నెలాఖరులోపు ఒక్క క్లాసయినా పూర్తిగా నడవకపోతే ఆ గంట వేరే పిల్లకు ఇచ్చేస్తానని మేడం చెప్పింది. ఆమె తప్పు కాదు, వెనక ఇరవై మంది పిల్లలు లైన్‌లో ఉన్నారు. గంట పోతే నువ్వు వారం వారం రెండు బస్సులు మారి హనుమకొండకు పోవాలి. బలరాం బావ బొగ్గు లారీ మీద పోతే నాలుగు రోజులకు గానీ ఇల్లు చూడడు. అంటే పోలేవు. అంటే మాట ఆగిపోతుంది.

ఆ చివరి వాక్యం రెండుసార్లు కొట్టేసి రాశాను. పెన్ను మంచిది కాదు.

ఇంటి తీరు నాకు తెలుసు. ముందర మామగారి పిండి గిర్ని, దాని పక్క గదిలో టీవీ, టీవీ పక్కన వైఫై పెట్టె. గిర్ని మోతలో క్లాసు కుదరదు కాబట్టి నువ్వు పిల్లను తీసుకొని అన్నిటికన్నా వెనక గదిలో కూర్చుంటావు. మధ్యలో రెండు సిమెంటు గోడలు. వైఫై అంత దూరం నడవలేదు. అందుకని బస్సు పార్సిల్‌లో ఒక చిన్న పెట్టె పంపుతున్నాను. దీన్ని ఎక్స్‌టెండర్ అంటారు, అంటే నెట్‌ను సాగదీసేది. కరెంటు ప్లగ్గులో గుచ్చి మధ్యలో పెట్టు. బటన్ ఎట్లా నొక్కాలో వెనక బొమ్మలు వేశాను.

ఇంకొకటి. మీ వీధిలో ఇంకో ఇద్దరు కూడా వైఫై పెట్టించుకున్నారని అన్నావు. అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కాబట్టి మామగారిని ఛానెల్ మార్చమను. ఒకటి, ఆరు, పదకొండు, ఈ మూడింటిలో ఏదో ఒకటి.

ప్రభుత్వ ముద్ర లేకపోయినా ఇది అధికారిక ఉత్తరమే అని మనవి చేస్తూ,
జగన్, బీఎస్సీ (కంప్యూటర్స్), రెండో తరగతిలో పాస్


తండా, భూపాలపల్లి జిల్లా
28 జూన్, శనివారం

ఒరే రెండో తరగతీ,

పెట్టె మంగళవారమే వచ్చింది. విప్పగానే మా అత్తమ్మ రుక్కి దాన్ని అటూ ఇటూ తిప్పి, "గింత బోసిగ ఉన్నదేందే, పెద్దదానికి కుట్టినట్టే దీనికీ కుట్టాలె" అని జానతో కొలత తీసుకుంది. ఆమె అన్నది మన లంబాడీ మాటలో, నేను తెలుగులో రాస్తున్నా. రాస్తుంటే సగం కారం తగ్గిపోతోంది.

నువ్వు మధ్యలో పెట్టమన్నావు. మధ్యలో పెడితే ఏం లాభం? నెట్ లేనిది వెనక గదిలో. ఆకలి ఒకచోట ఉంటే అన్నం ఇంకోచోట పెడతారా? అందుకే వెనక గదిలో, పిల్ల కూర్చునే చాప పక్కనే పెట్టిన. మధ్యలో అంటే గది మధ్యలో అనే కదా, ప్లగ్గు గోడకు ఉంది, అందుకని తీగ సాగదీసి మరీ నట్టనడుమ పెట్టిన. ఎర్ర లైటు వెలుగుతోంది. ఎరుపు మంచిదే కదా?

ఛానెల్ సంగతి. మామ హీర్యా నీ మాటను చాలా పట్టించుకున్నాడు. గురువారం పదిన్నరకే స్నానం చేసి, రిమోట్ పట్టుకొని టీవీ ముందు కూర్చున్నాడు. ఒకటి పెట్టాడు, అందులో ఏమీ రాలేదు. ఆరు పెట్టాడు, ఎవరో భూముల ధరలు చెబుతున్నారు. పదకొండు పెడితే ఒకామె వంకాయ కూర చేస్తోంది. "బిడ్డా, క్లాసుకు గీ వంకాయ సరిపోతదా, ఇంకోటి పెట్టాల్నా?" అని ముందర గది నుంచి అరుస్తున్నాడు. ఆయన కేకలకు పిల్ల చెవి మిషన్‌లో ఏం వినబడ్డదో గానీ నవ్వింది. నవ్వు మేడంకు కనబడే లోపల బొమ్మ ఆగిపోయింది. ఈసారి ఏడు నిమిషాలు.

ఆ ఏడు నిమిషాల్లో ఇంకొకటి జరిగింది. మేడం అమ్మ బొమ్మ చూపించి ఇది ఎవరు అని అడిగింది. పిల్ల నోరు తెరిచింది. మేడం మొఖం మారిపోయింది. "భాగ్యగారూ, పాప యా, యా అంటోంది. ఇంట్లో ఎవరైనా ఇంగ్లిష్ మాట్లాడుతున్నారా? అట్లా అలవాటు చేయకండి, అమ్మ అనే మాట రావాలి" అన్నది. నేను చెప్పబోయేసరికి గుండ్రం మొదలైంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఏం చెయ్యాలె?

పత్తి గింజలు పెట్టినం, వాన మొదలైంది. కురవిలో నాయిన మోకాలు ఎట్లుందో అడిగి రాయి.

మీ అక్క


జనగామ,
2 జూలై, బుధవారం

శ్రీమతి అక్కకు, కడు దుఃఖంతో,

నాయిన మోకాలు బాగుంది, ఆదివారం కురవి సంతకు నడిచే పోయి నడిచే వచ్చాడట. ఇక నా మోకాలి సంగతి: నీ ఉత్తరం చదివి ఆఫీసులో మోకాళ్ల మీద కూలబడ్డాను. "ఎరుపు మంచిదే కదా" అనే వాక్యాన్ని సోమనర్సయ్య సార్‌కు చదివి వినిపిస్తే ఆయన టీ తాగడం ఆపేశాడు. ఇరవై ఏళ్లుగా ఆయన టీ ఆపింది లేదు.

అక్కా, ఎరుపు మంచిది కాదు. ఆ పెట్టె నెట్‌ను తయారు చేయదు. చేరవేస్తుంది, అంతే. పొలం ఆ చివరన బావ ఉన్నాడు, ఈ చివరన నువ్వు ఉన్నావు అనుకో. నీ కేక బావకు అందడం లేదు. నడుమ ఒక మనిషిని నిలబెడితే నీ మాట తను విని బావకు అరిచి చెబుతాడు. ఆ మనిషిని తీసుకుపోయి బావ పక్కనే నిలబెడితే బావకు వినబడనిది ఆయనకూ వినబడదు. ఇద్దరూ కలిసి బీడీ తాగుతారు. నువ్వు చేసింది అది.

మధ్యలో అంటే గది మధ్యలో కాదు, పెద్ద పెట్టెకూ వెనక గదికీ మధ్యలో. ఫోన్ చేతిలో పట్టుకొని పెద్ద పెట్టె దగ్గర నుంచి మెల్లగా వెనక్కి నడువు. వైఫై గీతలు నిండుగా ఉన్నంతసేపు నడువు. ఒక గీత తగ్గగానే ఆగు. అక్కడ ప్లగ్గు చూసుకొని గుచ్చు. నా లెక్క ప్రకారం అది వంటింటి గోడ. పక్కన నీళ్ల డ్రమ్ము ఉంటే దూరం జరుపు, నీళ్లకు వైఫై అంటే పడదు. లైటు పచ్చగా వెలగాలి.

ఛానెల్ అంటే టీవీది కాదు, వైఫై పెట్టె లోపలిది. తప్పు నాదే, ఆ ముక్క రాయలేదు. మామగారికి నా సాష్టాంగ నమస్కారం. మార్చే విధానం ఇంకో కాగితంలో పదహారు మెట్లుగా రాసి జతచేశాను. ఈలోపు ఆయన వంకాయ కూర చూడవచ్చు, నెట్‌కు ఏ అభ్యంతరమూ లేదు.

ఇక "యా" గురించి. ఆ నేరస్తుడిని నేనే. మొన్న ఎండాకాలం వచ్చినప్పుడు నల్లకళ్లద్దాలు పెట్టుకొని, ఫోన్ చెవికి ఆనించి, "యా యా, ఓకే ఓకే" అంటూ పెద్ద ఆఫీసర్‌లా నటించాను గుర్తుందా? పిల్ల నా నోటి వైపే చూస్తుంటే మురిసిపోయాను. ఆ పాడు మాట పట్టేసింది. దయచేసి వెంటనే మాన్పించు. పిల్ల ఆ మాట అన్నదంటే చాలు, కాదు అని చెప్పి సరిదిద్దు. మేడంకు నా తరఫున క్షమాపణ చెప్పు.

కళ్లద్దాలు తీసేసిన,
నీ తమ్ముడు


తండా,
12 జూలై, శనివారం

జగన్,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది, అప్పటికే మూడో తారీకు క్లాసు పోయింది. నువ్వు చెప్పినట్టే నడిచిన. గీత వంటింటి గుమ్మం దగ్గర తగ్గింది. డ్రమ్ము జరిపి అక్కడ గుచ్చిన, పచ్చ లైటు వచ్చింది. పదహారు మెట్లు బావ లారీ దిగిన రోజు చూసుకుంటూ చేశాడు. పదకొండో మెట్టు దగ్గర నిన్ను తిట్టాడు, పదహారో మెట్టు దగ్గర మెచ్చుకున్నాడు. నెట్ వచ్చింది. ఆ రోజే ఒక వీడియో పెట్టి చూస్తే బొమ్మ అద్దంలో చూసినట్టు కనబడ్డది. సరిగ్గా పదిహేను నిమిషాలు. తర్వాత మళ్లీ పోయింది. ముట్టి చూస్తే పెద్ద పెట్టె, చిన్న పెట్టె రెండూ పొయ్యి మీద నుంచి దించినట్టు కాలుతున్నాయి. తీసి పెడితే మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మొన్న పదో తారీకు క్లాసులో కూడా అంతే, పదిహేను నిమిషాలు. బొమ్మ ఆగినప్పుడల్లా "నెట్!" అని అరిచే మామకు కోపం వచ్చి గిర్ని ఆపి మరీ పెట్టెకు విసనకర్రతో ఊపాడు. పిండికి వచ్చిన వాళ్లు చూసి నవ్వుకున్నారు.

అత్తమ్మ మాత్రం పెట్టెలను బాగా చూసుకుంటోంది. పెద్దదానికి వేసిన అంగీలాంటిదే చిన్నదానికీ కుట్టింది. ఎర్రబట్ట మీద అద్దాల బిళ్లలు, అంచుకు గవ్వలు, నడుమ పాత పది పైసల బిళ్లలు. మామ నెల రోజులుగా గిర్ని పిండి దాని మీద పడకుండా చూసుకొమ్మని మొత్తుకుంటున్నాడు కదా, అందుకని కింది దాకా మూసి నాడాలు కూడా కట్టింది. "పిల్లకు మాటలు తెచ్చే పెట్టె, అది బోసిగ ఉండొద్దు" అంటది. చూడడానికి వచ్చిన వాళ్లందరూ మెచ్చుకుంటున్నారు.

కానీ నాకు మెచ్చుకోలు వద్దు రా. చెప్పేది విను. పిల్ల మాట్లాడడం ఆపేసింది.

నువ్వు రాసినట్టే చేసిన. అమ్మ బొమ్మ చూపించినప్పుడు, నన్ను చూసినప్పుడు, ఎప్పుడైనా సరే తను "యాడి" అనగానే వేలు అడ్డం పెట్టి "కాదు, అమ్మ అను" అని దిద్దిన. రోజుకు ఎన్నిసార్లు దిద్దినో లెక్క లేదు. మొదట్ల నా వేలు చూసి ఆగేది. తర్వాత గొణిగేది. ఇప్పుడు బొమ్మ చూపిస్తే పెదాలు గట్టిగా మూసుకుంటోంది. పదో తారీకు క్లాసులో పదిహేను నిమిషాలూ ఒక్క శబ్దం చేయలేదు. మేడం పుస్తకంలో ఏదో రాసుకుంది. "ముప్పై ఒకటో తారీకు దాకా చూద్దాం భాగ్యగారూ" అన్నది. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు భయమైంది.

మేడం క్లాసులో మన మాట రావద్దని నాకూ తెలుసు. కానీ నాలుగేళ్లకు ఒక్క మాట వచ్చింది, దాన్ని నా వేలితోనే ఆపిన. ఏం చెయ్యాలో తొందరగా రాయి. జోకులు తర్వాత.

భాగ్య


జనగామ,
16 జూలై, బుధవారం

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. టీ బల్ల మీదే కూర్చొని రాస్తున్నాను. నువ్వు అడిగినట్టే రెండు పేరాల దాకా జోకులు ఉండవు.

పిల్ల అన్నది నా "యా" కాదు. "యాడి". మన ఇంట్లో అందరూ అమ్మను పిలిచే మాట. తను మొదటి నుంచీ నిన్నే పిలుస్తోంది. నెట్ సగం మింగేసి మేడంకు "యా" ఒక్కటే వినిపించింది. మేడం ఇంగ్లిష్ అనుకుంది, నేను నా కళ్లద్దాలు అనుకున్నాను, నువ్వు నేను చెప్పింది యాడిని మానిపించమని అనుకున్నావు. ముగ్గురం కలిసి ఒక చిన్న నోరు మూయించాము. ఇందులో నీ వేలి తప్పు అన్నిటికన్నా తక్కువ. చూడకుండా ఉత్తరం రాసిన నాది ఎక్కువ.

నేను ఒకటో తరగతిలో చేరిన రోజు గుర్తుందా? దాహమై "పాణి, పాణి" అని ఏడుస్తుంటే సార్‌కు అర్థం కాక కొడతాడేమోనని బెంచీ కింద దూరాను. నువ్వు మూడో తరగతి గదిలో నుంచి లేచి వచ్చి, "సార్, వానికి నీళ్లు కావాలె" అన్నావు. ఆ రోజు నన్ను "పాణి అనకు" అని కొట్టలేదు. సార్‌కే చెప్పావు. ఇప్పుడూ అదే చెయ్యి. పిల్లకు కాదు, మేడంకు చెప్పు. ఆమెకు తెలియదు, అంతే. క్లాసులో చెప్పేలోపు నెట్ పోతుందని భయపడితే కల్వర్టు దాకా నడిచి ముందే మెసేజ్ పెట్టు: మేడం, మా ఇంట్లో లంబాడీ మాట్లాడతాము, యాడి అంటే అమ్మ.

ఇక జోకులు మళ్లీ ప్రారంభం. పెట్టె కాలిపోతోందని చెబితే సోమనర్సయ్య సార్ నా వైపు చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "పెట్టె మీద ఏమున్నదిరా?" నేను నీ ఉత్తరం మళ్లీ చదివాను. అద్దాలు, గవ్వలు, పది పైసల బిళ్లలు, కింది దాకా నాడాలు! అక్కా, జూన్‌లోనే "పెద్దదానికి కుట్టినట్టే" అని రాశావు. ఆ వాక్యం మీద నుంచి నేను ఎద్దులబండిలా నడిచిపోయాను. పెట్టెకు గాలి ఆడాలి. పక్కల కనబడే సందులు దాని ముక్కులు. బట్ట కప్పితే ఉడుకుతుంది, ఉడికితే దానంతట అదే ఆగిపోయి మళ్లీ లేస్తుంది. అద్దాల వెనక కళాయి, పైసల లోహం కలిసి వైఫైని బయటికి పోనివ్వవు. రెండు అంగీలూ వెంటనే తీసేయాలి. పిండి పడకుండా పెట్టెను టీవీ పక్క నుంచి తీసి గోడకు పైన, మనిషి ఎత్తుకు మించి కట్టండి.

రుక్కి అత్తమ్మకు ఎట్లా చెబుతావో నాకు తెలియదు. ఈ విభాగం మా ఆఫీసు పరిధిలోకి రాదు.

బెంచీ కింద నుంచి,
జగన్


తండా,
25 జూలై, శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం సోమవారం సాయంత్రం వచ్చింది, అప్పటికే పదిహేడో తారీకు క్లాసు కూడా అట్లాగే పోయింది. అత్తమ్మకు నేను చెప్పలేదు. చదివి వినిపించిన. "అద్దాలు, గవ్వలు" దాకా నవ్వుతూ విన్నది. తర్వాత లేచి పోయి రెండు అంగీల నాడాలూ తనే విప్పింది. "నా కుట్టుతోనే పిల్ల మాట ఆగిపోయిందా?" అన్నది. కాదు అత్తమ్మా, నా వేలితో ఆగింది అన్నాను. ఇద్దరం ఎవరి తప్పు పెద్దదని కాసేపు కొట్లాడుకున్నాము. మామ మధ్యలో దూరి, "గిర్ని పిండి అని మొత్తుకున్నది నేను, తప్పు నాది" అన్నాడు. ఆయనను ఇద్దరం కలిసి బయటికి పంపించినం. పెట్టెను గోడకు పైన మేకులు కొట్టి కట్టాడు. ఇప్పుడు అది చల్లగా, బోసిగా ఉంది.

మరునాడు కల్వర్టుకు పోయి మేడంకు మెసేజ్ పెట్టిన. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అయ్యో, నాకు ముందే చెప్పాల్సింది. గురువారం మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టండి."

నిన్న పదకొండింటికి నెట్ కలిసింది. మామ గిర్ని ఆపేసి, వాకిట్లో నిలబడి పిండికి వచ్చిన వాళ్లను, "జర ఆగుండ్రి, లోపల బడి నడుస్తున్నది" అని ఆపుతున్నాడు. మేడం అమ్మ బొమ్మ చూపించింది. పిల్ల నా చేతి వైపు చూసింది, వేలు లేస్తుందేమో అని. చూసి పెదాలు మూసుకుంది. నేను నా రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్న. అయినా అనలేదు. పది నిమిషాలు గడిచాయి. మేడం ఏమీ తొందర పెట్టలేదు.

అప్పుడు అత్తమ్మ ఏం చేసిందంటే, వెనక నుంచి పిల్లకు వినబడేటట్టు నన్నే పిలిచింది. మన మాటలో, మా ఆయన చిన్నప్పుడు తనను పిలిచినట్టు, గారాబంగా "యాడి, ఓ యాడి" అని. తన కోడలిని అమ్మా అని పిలుస్తోంది ముసల్ది. నాకు నవ్వాగలేదు. పిల్ల అత్తమ్మను చూసింది, నన్ను చూసింది. ఎవరూ వేలు ఎత్తడం లేదు. మెల్లగా, గొంతు లోపల నుంచి, "యాడి" అన్నది. నెట్ ఆగలేదు రా. "డి" కూడా పోయింది హనుమకొండ దాకా.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇది మొదటి మాటగా రాసుకుంటున్నా. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ భాషే మాట్లాడండి, తెలుగు తర్వాత తనే పట్టుకుంటుంది" అన్నది. తర్వాత ఇరవై ఎనిమిది నిమిషాల దగ్గర కరెంటు పోయింది. వాన. అది ఎవరి తప్పూ కాదు. కానీ పూర్తి క్లాసు లెక్కలోకి రాలేదు. ఇంకొక్క గురువారమే ఉంది.

మీ యాడి లాంటి అక్క


జనగామ,
28 జూలై, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం పొద్దున అందింది. ఆఫీసులో గట్టిగా చదివాను. "డి కూడా పోయింది" దగ్గర సోమనర్సయ్య సార్ బయటికి పోయి చాలాసేపు కేబుల్ చుట్టలు సర్దాడు. అవి సర్దే ఉన్నాయి.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే గురువారం దాటి వస్తుంది కాబట్టి భూపాలపల్లి బస్సు పార్సిల్‌లోనే, ఒక బ్యాటరీ డబ్బాతో పాటు పెట్టాను. బావను బస్టాండ్‌లో తీసుకోమని చెప్పాను. డబ్బా సార్ తన ఇంట్లోది విప్పి ఇచ్చాడు. తీగ వైఫై పెట్టెకు గుచ్చితే కరెంటు పోయినా రెండు గంటలు నడుస్తుంది. చిన్న పెట్టెకు ఇది పనికిరాదు. కాబట్టి కరెంటు పోయిందా, పిల్లను ఎత్తుకొని వెనక గది వదిలేసి ముందర పెద్ద పెట్టె కిందికి పరుగెత్తు. గిర్ని ఎట్లాగూ కరెంటు లేక ఆగే ఉంటుంది, మోత ఉండదు. చూశావా, మీ ఊరి కరెంటు మొదటిసారి మనకు సాయం చేస్తుంది.

డబ్బాకు అంగీ కుట్టవద్దని అత్తమ్మకు మనవి. నాకు ఒకటి కుట్టమను. నాకు వైఫై రాకపోయినా ఫర్వాలేదు.

జగన్


తండా,
1 ఆగస్టు, శుక్రవారం

జగన్,

గంట మనదే. మేడం నిన్ననే చెప్పింది. ముందు అది రాస్తున్నా, లేకపోతే నువ్వు చివరి దాకా చదవకుండా గెంతుతావు.

నువ్వు అనుకున్నట్టే తొమ్మిదో నిమిషంలో కరెంటు పోయింది. పిల్లను ఎత్తుకొని ముందర గదికి ఉరికిన. అత్తమ్మ చాప, మామ ఫోన్ పట్టుకొని వెనక ఉరికారు. ఫోన్ తలకిందులుగా పట్టుకున్నాడు, మేడంకు కాసేపు మా ఇంటి కప్పు కనబడ్డది. కానీ పోలేదు. డబ్బా మీద చిన్న నీలి లైటు వెలుగుతూనే ఉంది. పిండికి వచ్చిన అయిదారుగురు గుమ్మంలో తట్టలు దించి కూర్చున్నారు. నలభై మూడు నిమిషాలు నడిచింది. మామ లెక్కపెట్టాడు.

చివర మేడం ఒక పని చెప్పింది. "నాకు మీ మాట రాదు. పాప రోజూ ఇంట్లో వినే పది మాటలు చెప్పండి, రాసుకుంటాను. వచ్చే నెలంతా వాటితోనే నేర్పుతాను." అత్తమ్మ ముందుకు జరిగి కూర్చుంది. చదువు రాని మనిషి, మేడం ముందు వేళ్లు మడుస్తూ చెబుతుంటే నాకు గర్వమైంది. యాడి. పాణి. బాటి అంటే రొట్టె. ఘర్ అంటే ఇల్లు. మేడం ఒక్కొక్కటి పలికి తప్పు పోతే అత్తమ్మ, "గట్ల కాదు బిడ్డా" అని మళ్లీ చెప్పించింది. తొమ్మిది అయినాయి. పదోది ఏమిటని మా ముగ్గురికీ పంచాయితీ. మామ గిర్ని అంటాడు, అత్తమ్మ ఆవు అంటది, గుమ్మంలో కూర్చున్న వాళ్లు కూడా తలా ఒకటి అందిస్తున్నారు.

అటు మేడం తల వంచి రాసుకుంటోంది. కదలడం లేదు. పిల్ల చాలాసేపు ఆమె వైపే చూసింది. బొమ్మ మళ్లీ ఆగిపోయింది అనుకుంది. లేచి నిలబడి, గోడ మీది పెట్టె వైపు చెయ్యి చాపి, మామ అరిచినట్టే గట్టిగా, "నెట్!" అన్నది.

ఎవరూ నేర్పలేదు రా. ఎవరూ అడగలేదు.

మేడం తల ఎత్తింది. "నేను ఇక్కడే ఉన్నా ప్రియా" అన్నది. పిల్ల ఊరటగా కూర్చుంది. మేడం పదో గడిలో ఆ మాటే రాసుకుంది. అది తెలుగా, మన మాటా, ఇంగ్లిషా అని ఈసారి అడగలేదు.

భాగ్య